యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 – ఆగష్టు 1948) జీవరసాయన శాస్త్రంలోను, ఔషధ పరిశోధనలోను విశేష కృషి చేసిన తెలుగు శాస్త్రవేత్త. కణానికి శక్తిని అందించే ఏటీపీ అణువును కనుగొన్నవారిలో ఈయన ఒకడు. కాన్సరు చికిత్సలో నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఈయన నడిపిన పరిశోధన విభాగం నుండి వచ్చినదే. ఈ రెండూ వేరువేరు విషయాలుగా కనిపించినా, ఆక్సిజను అందని చోట కాన్సరు ఎలా బ్రతుకుతుంది అనే ప్రశ్న దగ్గర రెండూ కలుస్తాయి.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషను ఉత్తీర్ణుడయ్యాడు. పరీక్ష తప్పిన విద్యార్థులు గుర్తుంచుకోదగిన సంగతి ఇది. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా గాంధీజీ ప్రభావంతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తిన్న ఆహారం ఒంటబట్టనీయక, రక్తహీనతతో మనిషిని కృశింపజేసే స్ప్రూ వ్యాధికి ఈయన సోదరులిద్దరు బలయ్యారు. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్ల లోపంతో సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

హార్వర్డులో

మామగారి సహాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతోను 1920ల తొలినాళ్ళలో అమెరికా చేరాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన మరల స్వదేశానికి రాలేదు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రయోగశాలల్లో స్థిరపడింది. ఆ కొలత చేతికి వచ్చాకనే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ (1927), ఆపై ఏటీపీ (1929) బయటపడ్డాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డులో ఈయనకు శాశ్వత ఉద్యోగం లభించలేదు.

లెడర్లీ సంస్థలో

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఈయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా ఈయన పర్యవేక్షణ కాలంలో వెలువడినవే.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులు ఇచ్చినపుడు పిల్లలలో రక్తకాన్సరు మరింత ఉధృతమవుతున్నట్లు గమనించాడు. అయితే ఆ విటమినును అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుంది? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్‌ను తయారుచేసి పంపింది. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. సుమారు రెండు నెలలకే సుబ్బారావు మరణించాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ 1956లో కోరియోకార్సినోమా అనే గడ్డ కాన్సరును నయం చేసిన సంగతి ఆయన చూడలేదు.

ఆక్సిజను తక్కువైన చోట కాన్సరు

మెథోట్రెక్సేట్ విభజన చెందుతున్న కణాలను మాత్రమే దెబ్బతీస్తుంది. రక్తంలో తిరిగే కణాలకు మందు సులువుగా చేరుతుంది. గడ్డల సంగతి అలా కాదు. రక్తనాళం నుండి మిల్లీమీటరులో పదోవంతు, రెండు వంతుల దూరం దాటితే కణానికి ఆక్సిజను అందదు. ఊపిరితిత్తుల గడ్డలలో ఈ విషయాన్ని థామ్లిన్సన్, గ్రే 1955లో చూపారు. అటువంటి చోట కణం ఒక గ్లూకోజు అణువు నుండి సుమారు 30 ఏటీపీలకు బదులు రెండింటితోనే గడుపుకోవాలి. విభజన నెమ్మదిస్తుంది కనుక మందు వాటిని గుర్తించలేదు. చుట్టూ గట్టిపడిన కణజాలము, లోపలి ఒత్తిడి మందును లోనికి రానివ్వవు.

అంతటితో ఆగదు. ఆక్సిజను కొరతను పసిగట్టే హిఫ్ అనే ప్రోటీను మేల్కొని కొత్త రక్తనాళాలను రప్పిస్తుంది, కణాలు పరిసర కణజాలాన్ని చీల్చుకొని వలసపోయేందుకు తోడ్పడుతుంది. అంటే ఊపిరాడని కణాలే ఇతర అవయవాలకు ప్రయాణం కట్టే అవకాశం ఎక్కువ. కణాలు ఆక్సిజనును పసిగట్టే తీరును వివరించినందుకు సెమెంజా, కేలిన్, రాట్‌క్లిఫ్‌లకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

గుర్తింపు

సుబ్బారావుకు నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.