మార్టిన్ షోంగావర్

రైన్ నదికి పడమట ద్రాక్షతోటలతో నిండిన ఆల్సేస్ అను సీమ కలదు. నేడది ఫ్రాన్సు దేశములోనిది; పదునైదవ శతాబ్దమున జర్మను చక్రవర్తుల యేలుబడిలో నుండెను. అందలి కోల్మార్ పట్టణమునకు 1492వ సంవత్సరమున ఒక యువకుడు వచ్చెను. ఆతని పేరు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్. నూరెంబర్గ్ నగరమున చిత్రలేఖనము అభ్యసించి, దేశాటనమునకు వెడలిన ఆ యువకుడు మార్టిన్ షోంగావర్ అను మహాచిత్రకారుని దర్శింపగోరి అచటికి చేరెను. కాని షోంగావర్ అంతకు ముందటి యేడే కన్ను మూసెను. గురువును వెదకికొనుచు వచ్చిన శిష్యునకు గురువు లేని గృహము మాత్రమే కనబడెను. ఐనను డ్యూరర్ వట్టి చేతులతో మరలిపోలేదు. ఏలయన, గతించిన గురువునొద్ద విద్య గ్రహించుట యెట్లో షోంగావర్ జీవితమే లోకమునకు చూపియుండెను.

మార్టిన్ 1450 ప్రాంతమున కోల్మార్‌లో జన్మించెను. తండ్రి కాస్పర్ స్వర్ణకారుడు. ఔగ్స్‌బర్గ్ నగరమునుండి వచ్చి కోల్మార్‌లో స్థిరపడినవాడు. మార్టిన్ సోదరులలో ముగ్గురు తండ్రి వృత్తినే చేపట్టిరి. లోహముపై సన్నని గీతలు చెక్కు నేర్పు ఆ కుటుంబమునకు కులధనము వంటిది. 1465లో మార్టిన్ పేరు లైప్జిగ్ విశ్వవిద్యాలయపు పట్టికలో చేరెను. కాని ఆ చదువు ఎక్కువకాలము సాగలేదు. ఆతని మనస్సు చిత్రకళపై లగ్నమయ్యెను.

నేటి బెల్జియము, హాలెండు దేశములను నాడు నెదర్లాండ్సు అని పిలిచెడివారు. ఆ దేశపు చిత్రకారులు అప్పుడు ఉత్తర ఐరోపా కంతటికిని మార్గదర్శకులై యుండిరి. జర్మను చిత్రకారులు దేవాలయములకు పటములు వ్రాయునపుడు తఱచుగా వెనుక భాగమున బంగారు రేకును అతికి, దానిముందు దైవమూర్తులను నిలుపుచుండిరి. ఆ మూర్తులు గంభీరములే. కాని మన చెంత సంచరించు మనుష్యులవలె తోచుట అరుదు. నెదర్లాండ్సు వారి మార్గము వేఱు. 1441లో మరణించిన యాన్ వాన్ ఐక్ అవిసెనూనెతో నూరిన రంగులను పలుచని పూతలుగా ఒకదానిపై నొకటి వేసి, వస్త్రముల నిగనిగలను, మణుల మెఱుపును, ఆకుల పచ్చదనమును కన్నులకు కట్టినట్లు చూపెను. ఆతని తరువాత రోజియర్ వాన్ డర్ వైడెన్ బ్రస్సెల్సు నగరమున నివసించి, భక్తుల శోకమును, కరుణను ముఖములందు రూపుకట్టించెను. ఆతడు రచించిన బలిపీఠ చిత్రమొకటి జర్మను దేశమందలి కొలోన్ నగరమున సెయింట్ కొలుంబా దేవాలయమును అలంకరించెను. దానిని చూచి జర్మను చిత్రకారులెందఱో క్రొత్తదారి పట్టిరి.

రోజియర్ 1464లో మరణించెను. అప్పటికి మార్టిన్ బాలుడు. కావున ఆ మహనీయుని శిష్యుడగు భాగ్యము ఆతనికి కలుగలేదు. కాని గురువు గతించినను ఆయన కృతులు నిలిచియుండెను. బర్గండీ సీమలోని బోన్ పట్టణమున పేదలకొఱకు కట్టిన వైద్యశాలలో రోజియర్ రచించిన తుది తీర్పు చిత్రము కలదు. అందు క్రీస్తు ఇంద్రధనుస్సుపై ఆసీనుడై లోకమునకు తీర్పు చెప్పుచుండును. 1469 ప్రాంతమున మార్టిన్ ఆ క్రీస్తుమూర్తిని చూచి, కలముతో శ్రద్ధగా చిత్రించుకొనెను. ఆ రేఖాచిత్రము నేటికిని పారిస్ నగరమున లూవ్ర్ చిత్రశాలలో భద్రముగా నున్నది.

నేర్చినదానిని అట్లే అప్పగించువాడు మంచి శిష్యుడు కావచ్చును. దానిని తన సొత్తుగా చేసికొనువాడే గురువగును. మార్టిన్ అట్టివాడని 1473లో రచించిన గులాబీ పందిరి చెంతనున్న మరియమాత చిత్రము చాటుచున్నది. కోల్మార్ నగరపు సెయింట్ మార్టిన్ దేవాలయమునకై వ్రాసిన ఈ చిత్రము ఎత్తు రెండు మీటర్లు. ఎఱ్ఱని వస్త్రములు ధరించిన మరియమాత బాలయేసును ఎత్తుకొని కూర్చుండియుండును. వెనుకనున్న పందిరిపై గులాబీలు పూచియుండును. కొమ్మలపై చిన్న పక్షులు వ్రాలియుండును. పైన దేవదూతలిద్దఱు కిరీటమును పట్టుకొనియుందురు. పూవులందును, పక్షులందును కనబడు సూక్ష్మపరిశీలనము నెదర్లాండ్సు వారి విద్య. కాని పందిరి వెనుక జర్మనుల ప్రాత బంగారు నేపథ్యమును మార్టిన్ విడువలేదు. పరదేశపు విద్యను, పూర్వుల ఆచారమును ఒక్క పటమందే ఆతడు పొందుపఱచెను. 1972లో దొంగలు ఈ చిత్రమును అపహరించిరి. అదృష్టవశమున మఱుసటి యేడే అది దొరకెను. ఇప్పుడది ఆ పట్టణముననే డొమినికనుల దేవాలయమందు కలదు.

దేవాలయమందలి చిత్రమును చూడగోరువారు అచటికి పోవలెను. చిత్రమే జనులయొద్దకు పోవు ఉపాయమును మార్టిన్ చేపట్టెను. అదియే రాగిరేకుల ముద్రణము. నునుపైన రాగిరేకుపై వాడియైన ఉక్కు పనిముట్టుతో గీతలు చెక్కుదురు. ఆ గీతలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడి కాగితముపై ఒత్తినచో బొమ్మ అచ్చుపడును. ఇట్లు ఒక్క రేకునుండి అనేక ప్రతులు వెలువడును. తండ్రి యింటి పనితనమును, నెదర్లాండ్సు చిత్రకళను మార్టిన్ ఇచట మేళవించెను. వంపు తిరిగిన గీతలను అడ్డదిడ్డముగా కాక, క్రమము తప్పక ఒకదానిపై నొకటి నడిపి, నలుపు తెలుపులతోనే వెలుగును, నీడను, మేని గుండ్రదనమును సాధించెను. ఆతని ముద్రణ చిత్రములు 116 దొరకినవి. వానిపై తన పేరులోని రెండు తొలి అక్షరములను గుర్తుగా చెక్కెడివాడు. ఆ గుర్తు ఐరోపా దేశములందు ప్రసిద్ధికెక్కెను.

సెయింట్ ఆంటొని అను తపస్విని రాక్షసులు ఆకాశమునకెత్తి హింసించునట్లు చూపు చిత్రము వానిలో ఒకటి. అది ఆల్ప్స్ పర్వతములను దాటి ఇటలీలోని ఫ్లారెన్సు నగరమును చేరెను. అచట మైకెలాంజిలో అను బాలుడు దానిని చూచి రంగులలో చిత్రింప బూనెను. రాక్షసుల మేని పొలుసులకు రంగు కుదురుటకై ఆతడు చేపల అంగడికి పోయి, చేపల పొలుసులను, కన్నులను పరిశీలించెనని ఆతని చరిత్రకారులు వ్రాసిరి. ఆ బాలుడే పిమ్మట జగద్విఖ్యాతుడగు శిల్పి అయ్యెను.

1489 నాటికి మార్టిన్ రైన్ నది ఆవలి గట్టుననున్న బ్రైజాఖ్ పట్టణపు పౌరుడయ్యెను. అచటి సెయింట్ స్టీఫెన్ దేవాలయపు గోడలపై తుది తీర్పు చిత్రమును విశాలముగా రచించెను. యౌవనమున బోన్ పట్టణమందు ఏ విషయమును చూచి నేర్చెనో, జీవితపు చివర ఆ విషయమునే గోడలపై స్వయముగా చిత్రించెను. 1491లో, దాదాపు నలువదియేండ్ల ప్రాయమున, ఆతడు మరణించెను. ఆ కుడ్యచిత్రములు మసకబాఱినను నేటికిని అచట నిలిచియున్నవి.

మఱుసటి యేడు వచ్చిన డ్యూరర్‌ను మార్టిన్ సోదరులు ఆదరించిరి. గురువును చూడలేకపోయినను, ఆతడు గురువు గీతలను చూచెను. షోంగావర్ చిత్రించిన కాగితములను తరువాతి కాలమున సేకరించి దాచుకొనెను. రాగిరేకుల విద్యను ఇంకను పెంపొందించి జర్మను చిత్రకారులలో అగ్రగణ్యుడయ్యెను. 1520లో డ్యూరర్ నెదర్లాండ్సుకు ప్రయాణమయ్యెను. అచట బ్రస్సెల్సులో రోజియర్ చిత్రములను, 1521లో ఘెంట్ నగరమున వాన్ ఐక్ సోదరుల బలిపీఠ చిత్రమును కన్నులార దర్శించెను. నాడు కోల్మార్‌లో తాను త్రాగిన నీటికి ఊట ఎచటనున్నదో ఆతడు అపుడు చూడగలిగెను.

రోజియర్‌ను మార్టిన్ గురువుగా పొందలేదు. మార్టిన్‌ను డ్యూరర్ కన్నులార చూడలేదు. ఐనను విద్య ఒకరినుండి మఱియొకరికి చేరెను. శ్రద్ధగా చేసిన పని చేసినవాని ఆయుస్సును మించి బోధించును. శ్రద్ధతో చూచువానికి గురువు ఎన్నడును దూరము కాడు.