సర్ క్రిస్టఫర్ రెన్ – ఒక గుమ్మటపు పటము

శతవార్షికోత్సవ కాలమున మన తలంపులు దేవాలయములు కట్టినవారి వైపు మరలుట సహజము. అట్టివారిలో లోకప్రసిద్ధుడైన ఒకని జీవితమును, ఆయన గీచిన ఒక పటమును చదువరుల ముందుంచగోరుచున్నాము.

క్రిస్టఫర్ రెన్ 1632 అక్టోబరు 20న ఇంగ్లాండులోని ఈస్ట్ నోయిల్ గ్రామములో జన్మించెను. తండ్రి ఆ సంఘమునకు గురువు. గణితమందు నిపుణుడైన రెన్ 1661లో ఆక్స్‌ఫర్డులో ఖగోళశాస్త్ర ఆచార్యుడాయెను. 1666 సెప్టెంబరులో లండను నగరము అగ్నికి ఆహుతియైనది. 87 సంఘముల గుడులు, వాటితోపాటు పరిశుద్ధ పౌలు కథీడ్రలు నాశనమయ్యెను. నక్షత్రములను లెక్కించిన చేయి అప్పటినుండి దేవుని మందిరములను కట్టుటకు పూనుకొనెను.

ఆయన ఎంతో ప్రీతితో చేయించిన పెద్ద కొయ్య నమూనాను మతాధికారులు అంగీకరింపలేదు. రెన్ మిగుల నొచ్చుకొనెను గాని పని విడువలేదు. వేరొక నమూనాకు రాజు సమ్మతి పొంది, 1675లో పునాది వేయించెను.

1690 ప్రాంతమున ఆయన గీచిన గుమ్మటపు పటము నేటికిని బ్రిటిష్ మ్యూజియములో భద్రముగా ఉన్నది. గుమ్మటమును నిలువున కోసినట్లు చూపు ఆ పటములో ఒక వంపుగీత కలదు. అడ్డుకొలతను అదే కొలతతో రెండుమార్లు గుణింపగా వచ్చు సంఖ్యనుబట్టి సాగిన గీత అది. బరువు ఏ దారిన నేలకు దిగవలెనో గణితమువలన తెలిసికొనుటకు ఆయన చేసిన ప్రయత్నమది. ఈ విషయమున మిత్రుడైన రాబర్ట్ హుక్ ఆలోచనలు ఆయనకు తోడ్పడెను.

పని ముగియునప్పటికి గుమ్మటము మూడు పొరలుగా నిలిచెను. లోపలినుండి చూచువారికి కనబడునది ఇటుకల గుమ్మటము. వెలుపలినుండి కనబడునది సీసపు రేకులు కప్పిన కొయ్య గుమ్మటము. ఈ రెంటి నడుమ శంకువు ఆకారముగల ఇటుక కట్టడము దాగియున్నది. శిఖరమునందలి సుమారు 850 టన్నుల రాతి బరువును మోయునది అదియే. గుడిలో మోకరించువానికి గాని, వీధిలో నడచువానికి గాని అది కనబడదు.

రెన్ జీవితమును అట్టిదే. పని ఆలస్యమగుచున్నదని 1697లో పార్లమెంటు ఆయన జీతములో సగము నిలిపివేసెను. 1711లో గాని ఆ బాకీ తీరలేదు. వృద్ధాప్యమునందును బుట్టలో కూర్చుండి, త్రాళ్లతో పైకి లాగించుకొని పని పరీక్షించుచుండెను. 1708లో కడపటి రాయిని ఆయన కుమారుడు నిలిపెను. 1718లో రాజోద్యోగమునుండి తొలగింపబడిన ఆయన 1723 ఫిబ్రవరి 25న, 90 సంవత్సరముల వయస్సులో ప్రభువునందు నిద్రించెను. తాను కట్టిన గుడి అడుగుననే ఒక సాదా రాతిపలక క్రింద ఆయనను పాతిపెట్టిరి. జ్ఞాపక చిహ్నము కావలసినవాడు తన చుట్టును చూచుకొనవలెనని అచటి శాసనపు భావము.

మన అధ్యక్ష మండలపు నూరు సంవత్సరములను తలంచునప్పుడు ఆ దాగిన ఇటుకలే మాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. పల్లెపల్లెకు నడచిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, పిడికెడు బియ్యము తీసిపెట్టిన తల్లులు, వీరి పేర్లు ఏ రాతిపలకమీదను లేవు. శిఖరమును మోసినవారు వారే. వారి కొరకు దేవునికి స్తోత్రము చెల్లించుదము.