గాలి ఎందుకు వెనకబడదో చెప్పిన గెలీలియో

భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని చిన్న తరగతుల్లోనే చదివాం. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు దాదాపు 1670 కిలోమీటర్లు. మరి గాలి వెనకబడిపోదా? ఎగిరిన కాకి మళ్లీ అదే చెట్టు మీద ఎలా వాలుతుంది? హాస్టల్ డాబా మీద పడుకుని దీని గురించి వాదించుకున్న రాత్రులు మాకింకా గుర్తున్నాయి. దీనికి జవాబు రాసిన పుస్తకమే ఇటలీలో గెలీలియోను మత న్యాయస్థానం ముందు నిలబెట్టింది.

ఆయన 1564లో పీసా నగరంలో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. పేరుంది గానీ డబ్బు లేదు. కొడుకు డాక్టరైతే ఇల్లు గట్టెక్కుతుందని 1581లో వైద్యంలో చేర్పించాడు. గెలీలియో మనసేమో లెక్కల మీద పడింది. 1585లో పట్టా లేకుండానే చదువు ఆగింది. ట్యూషన్లు చెప్పుకుంటూ, 1589లో అదే విశ్వవిద్యాలయంలో లెక్కల అధ్యాపకుడయ్యాడు! 1591లో తండ్రి పోవడంతో, చెల్లెలి కట్నం బాకీతో సహా ఇంటి భారమంతా నెత్తిన పడింది. మరుసటి ఏడాది పాడువా వెళ్లాడు. అక్కడ జీతం చాలక విద్యార్థులకు తన ఇంట్లోనే బస, భోజనం ఇచ్చి పాఠాలు చెప్పేవాడు. ఆయనా హాస్టల్ నడిపాడన్నమాట, కాకపోతే అది ఉన్నవాళ్ల పిల్లల హాస్టల్.

1610లో టెలిస్కోపుతో గురుగ్రహపు చందమామలను చూశాక, భూమి తిరుగుతుందని ఆయన బహిరంగంగా వాదించసాగాడు. 1616లో చర్చి ఆ మాట మానుకోమంది. 1632లో మళ్లీ రాశాడు, అదీ పండితుల లాటిన్‌లో కాదు, మామూలు జనం మాట్లాడే ఇటాలియన్‌లో. తెలుగు మీడియం నుంచి వచ్చిన మనకు ఆ విలువ వేరే చెప్పాలా?

అందులో ఒక ఓడ గది ఉంది. తలుపులు మూసిన ఆ గదిలో సీతాకోకచిలుకలు, గిన్నెలో చేపలు, పైనుంచి చుక్కచుక్కగా కారే నీళ్లు. ఓడ కుదుపు లేకుండా సాగుతుంటే చిలుకలు వెనక గోడకు కొట్టుకోవు, చుక్క సూటిగా కిందే పడుతుంది. ఓడ వేగం వాటన్నిటికీ ముందే ఉంది గనుక. అద్దాలు మూసిన బస్సులో ఈగను చూడండి, అంతే. అద్దం తీస్తే ముఖానికి గాలి కొడుతుంది, ఎందుకంటే బయటి గాలి బస్సుతో రావడం లేదు. భూమికి అలాంటి బయటి గాలి లేదు. వాతావరణం దాటితే దాదాపు శూన్యమే. గురుత్వాకర్షణ గాలిని పట్టి ఉంచుతుంది, నేల, కొండల రాపిడి తనతో తిప్పుతుంది, ఆపేది బయట ఏదీ లేదు. గురుత్వాకర్షణ సంగతి తేలింది మాత్రం ఆయన తర్వాతే.

ఆయనా ఒకచోట పొరబడ్డాడు. సముద్రం మీద కొండలు లేవు గనుక గాలి వెనకబడుతుందని, ఉష్ణమండలంలో తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు అవేనని అనుకున్నాడు. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి వచ్చే గాలి నేల వేగం తక్కువున్న అక్షాంశాల నుంచి వస్తుంది, అందుకే పడమరకు ఒరుగుతుంది. ఈ దారిలో మొదట ఆలోచించినవాడు హాడ్లీ, 1735లో.

1633 జూన్ 22న రోమ్‌లో, 69 ఏళ్ల వయసులో, గెలీలియో మోకాళ్ల మీద కూర్చుని తన మాట వెనక్కి తీసుకున్నాడు. పిరికితనం అనేవాళ్లున్నారు. మేమనలేం. ప్రాణంతో ఉన్నాడు కాబట్టే ఫ్లారెన్స్ దగ్గర గృహ నిర్బంధంలో చలనం మీద ఇంకో పుస్తకం రాయగలిగాడు. అది 1638లో హాలండ్‌లో అచ్చయ్యేసరికి ఆయనకు చూపు పోయింది. 1642 జనవరి 8న ఆ నిర్బంధంలోనే కన్నుమూశాడు. ఓడ గది ఉన్న పుస్తకం నిషిద్ధ గ్రంథాల జాబితా నుంచి 1835లో గానీ బయటపడలేదు.