ఘంటసాల గుండె

ఘంటసాల అనగానే మన కృష్ణా జిల్లావాళ్ళం పాటల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి నేను ఆయన గుండె గురించి కూడా రాస్తున్నాను.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఇంటిపేరులోని ఘంటసాల ఊరేమో బందరుకు పడమర, దివి ప్రాంతంలో ఉంది. తండ్రి సూర్యనారాయణ గారు తరంగాలు పాడుతుంటే పిల్లాడు నాట్యం చేసేవాడు. ఆ తండ్రి చిన్నతనంలోనే పోయారు. వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరి, మధుకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్ళారు. తర్వాత మద్రాసు వెళ్ళి కోరస్‌తో మొదలుపెట్టి పాతాళభైరవి (1951), లవకుశ (1963) దాకా ఎదిగారు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

అప్పటికే షుగరు ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నాక భగవద్గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు 51.

ఇక్కడ తేదీలు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మరుసటి ఏడాదే, 1975లో, అదే మద్రాసులో పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ చెరియన్ గారు మన దేశంలో మొదటి బైపాస్ చేశారు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ గుండె రక్తనాళంలో మొదటిసారి బెలూన్ ఊదారు.

షుగరు ఉన్నవాళ్ళ రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని రాయిలా గట్టిపడడం ఎక్కువ. అక్కడ బెలూన్ సరిగా విచ్చుకోదు, స్టెంటూ కుదురుకోదు. దానికి దారి చూపింది డేవిడ్ ఆత్ అనే ఇంజనీరు. వజ్రపు రజను అద్దిన చిన్న బర్, సన్నటి తీగ మీద నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. మెత్తటి గోడ పక్కకి ఒదుగుతుంది, గట్టి కాల్షియం మాత్రమే అరుగుతుంది. ఆ పొడి చాలావరకు ఎర్ర రక్తకణం కన్నా సన్నం కాబట్టి రక్తంలో కొట్టుకుపోతుంది. 1993లో అమెరికా దీనికి అనుమతిచ్చింది.

ఆ భగవద్గీత రికార్డు బయటికొచ్చేసరికి ఆయన లేరు. మన ఊళ్ళ గుడి మైకుల్లో ఇప్పటికీ వినపడేది, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి పాడిన ఆ గొంతే.