కొత్వాల్ కుర్చీ, వెట్టి మూట

వరంగల్‌లో కానిస్టేబుల్ పరీక్షకు చదివే మన పిల్లలకు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరు పరిచయమే. 1869లో వనపర్తి సంస్థానంలో పుట్టారు. నిజాం పోలీసులో అమీనుగా చేరి, 1920లో హైదరాబాద్ నగర కొత్వాల్ అయ్యారు. అసఫ్‌జాహీల పాలనలో ఆ కుర్చీ ఎక్కిన తొలి హిందువు ఆయనే. సమర్థుడు, కాదనలేం. 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించి పల్లె పిల్లలకు నగరంలో నీడ చూపారు. ఏ పిల్లలకో పేరులోనే ఉంది.

అదే నగరంలో 1906లోనే జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ మాల, మాదిగ పిల్లలకు బడులు నడిపారు. హిందువుకు కొత్వాలీ దక్కిందన్న లెక్కలో ఆ పిల్లలు లేరు. వరంగల్ సుబా ఊళ్లకు అమీను వస్తే సామాను మోసింది మాత్రం వాళ్ల తండ్రులే. కూలి లేదు, అది వెట్టి.