కట్టిన చేతికి దక్కని కొండమేడ

హైదరాబాద్: చార్మినార్‌కు దక్షిణాన సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో కొండపై వెలసిన ధవళ సౌధం ఫలక్‌నుమా. నేడది దేశ విదేశీ అతిథులు బసచేసే విలాసవంతమైన హోటల్. దానిని ఎంతో మక్కువతో నిర్మించుకున్న ప్రభువు మాత్రం అందులో కొద్ది సంవత్సరాలే నివసించగలిగారు. ఆయనే నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా.

హైదరాబాద్ సంస్థానంలో హోదాలో నిజాం తరువాతి స్థానం పాయిగా ప్రభువులది. ఆ వంశంలో 1856లో వికారుల్ ఉమ్రా జన్మించారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సోదరిని వివాహమాడారు. 1893 నుంచి 1901 వరకు సంస్థాన ప్రధానమంత్రిగా వ్యవహరించారు. ఐరోపాలో పర్యటించిన ఆయనకు అక్కడి కట్టడాలపై మోజు కలిగింది.

అప్పు మిగిల్చిన సౌధం

1884లో ఫలక్‌నుమాకు శంకుస్థాపన జరిగింది. ఆంగ్లేయ వాస్తుశిల్పి విలియం వార్డ్ మారెట్ నమూనా రూపొందించారు. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించారు. 101 మంది ఒకేసారి కూర్చుని భుజించగల బల్లను అమర్చారు. నిర్మాణానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇంతటి వ్యయం పాయిగా సిరికి సైతం తలకు మించిన భారమైంది. నవాబు అప్పుల్లో కూరుకుపోయారు. చివరకు 1897 ప్రాంతంలో సౌధం నిజాం వశమైంది. ఆరో నిజాం దానిని రాజ అతిథి గృహంగా మార్చారు.

ఫలక్‌నుమాను వీడిన నవాబు బేగంపేటలో మరో భవనం నిర్మించుకున్నారు. అక్కడికి సమీపాననే స్పెయిన్ శైలిలో మసీదు నిర్మాణానికి పూనుకున్నారు. అది పూర్తికాకముందే 1902లో కన్నుమూశారు. సంతోష్‌నగర్ సమీపంలోని పాయిగా సమాధుల ప్రాంగణంలో ఆయన శాశ్వత నిద్రలో ఉన్నారు.

వాడుకే ఊపిరి

నవాబు మరణానంతరం ఆ రెండు భవనాలదీ చెరో దారి. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఫలక్‌నుమాలో బస చేశారు. ఆ తరువాత అది చాలాకాలం తాళాల చాటున మగ్గింది. తాజ్ సంస్థ లీజుకు తీసుకోగా, యువరాణి ఎస్రా పర్యవేక్షణలో దాదాపు పదేళ్లు మరమ్మతులు సాగాయి. 2010 నవంబరులో హోటల్‌గా తలుపులు తెరుచుకుంది. బేగంపేట భవనంలో తొలుత నగరాభివృద్ధి సంస్థ హుడా కార్యాలయం, 2008 నుంచి అమెరికా కాన్సులేట్ నడిచాయి. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకు తరలిపోయింది.

మనుషులు మసలని ఇల్లు ఎంత గొప్పదైనా శిథిలం కాక తప్పదు. ఏదో ఒక వాడుకలో ఉండబట్టే నవాబు కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే వాటి గడప తొక్కే భాగ్యం నగరవాసుల్లో ఎందరికి దక్కింది? 2005లో సందర్శకులకు తెరిచిన చౌమహల్లాలో టికెట్టు కొన్న ప్రతి ఒక్కరూ దర్బారు హాలును కన్నులారా చూడవచ్చు. హోటలైనా కార్యాలయమైనా, చారిత్రక గృహాలను వాడుకకు అప్పగించేటప్పుడు ఊరివారికీ కొంత ప్రవేశం కల్పించడం ధర్మం. వికారుల్ ఉమ్రా కట్టడాల్లో స్పెయిన్ మసీదు ఒక్కటే కట్టిన నాటి ఉద్దేశంతో నేటికీ అందరి పాదాలకూ అందుబాటులో ఉంది.