గుంటూరు వచ్చిన జాన్సెన్ గారు

సూర్యగ్రహణం వస్తే మా అవ్వ మమ్మల్ని గుమ్మం దాటనివ్వదు. కానీ గ్రహణం చూడడానికే ఫ్రాన్సు నుంచి ఓడలో మన దేశం వచ్చిన ఒకాయన ఉన్నారు. ఆయన పేరు జూల్స్ జాన్సెన్.

ఆయన 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టారు. చిన్నప్పుడే ప్రమాదం జరిగి కాలు కుంటిదయింది. అందుకని అందరు పిల్లల్లాగా బడికి పోలేదు. ఇంట్లో డబ్బుల్లేక చిన్న వయసులోనే బ్యాంకులో పనికి చేరారు. అయినా చదువు వదల్లేదు. పెద్దయ్యాక లెక్కల్లో డిగ్రీ తెచ్చుకున్నారు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఆయన గుంటూరులో వర్ణపటదర్శిని పెట్టుకుని చూశారు. అది వెలుగుని రంగు గీతలుగా విడదీస్తుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో రకం గీతలు ఉంటాయి. సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటల్లాంటివి వేడి వాయువులని, వాటిలో హైడ్రోజన్ ఉందని తెలిసింది. గీతలు ఎంతో వెలుగుగా ఉండడం చూసి, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అని ఆయనకి తోచింది. మర్నాడే చూసేశారు!

అదే గ్రహణాన్ని మన కొల్లేరు అవతల మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఆయన కూడా చూశారు. ఆ రోజు ఒక పసుపు గీత కూడా కనపడింది. చాలామంది అది ఉప్పులో ఉండే సోడియం గీతే అనుకున్నారు. కాదు, ఇది కొత్త మూలకం అని తర్వాత చెప్పింది ఇంగ్లండులోని లాకియర్ గారు. అదే హీలియం. కాబట్టి హీలియంని జాన్సెన్ గారు ఒక్కరే కనిపెట్టారు అనకూడదు. ఆ పేరు చాలామందికి చెందాలి.

1870లో శత్రుసైన్యం పారిస్‌ని చుట్టుముట్టింది. ఆయన బెలూన్ ఎక్కి తప్పించుకుని, గ్రహణం కోసం ఆఫ్రికాలోని అల్జీరియా పోయారు. తీరా చూస్తే మబ్బులు! అయినా దిగులుపడి మానలేదు. 1871లో మళ్ళీ గ్రహణానికి మన దేశంలోని నీలగిరి కొండలకు వచ్చారు. 1907 డిసెంబరు 23న చనిపోయారు.

మరుసటి ఏడాది, అంటే 1908లో, హాలెండులో కామర్లింగ్ ఆన్స్ గారు హీలియంని ద్రవంగా మార్చారు. 2010లో బెర్లిన్ శాస్త్రవేత్తలు హీలియం బిందువుల్లో సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్‌ని పట్టి ఉంచారు. అది మన ఒంట్లో కూడా ఉంటుంది. ఆ బిందువుల చల్లదనం సున్నాకి కింద 272 డిగ్రీల పైనే! మామూలుగా పెద్ద అణువులు ఊగుతూ మెలికలు తిరుగుతూ ఉంటాయంట. అంత చలిలో అణకువగా ఉంటాయి. హీలియం దేనితోనూ కలవదు కాబట్టి వాటిని పాడుచేయదు. అప్పుడు వెలుగు వేసి వాటి గీతలు చదవొచ్చు. జాన్సెన్ గారు సూర్యుడిని చదివింది కూడా గీతలతోనే కదా!

బడికి పోలేని పిల్లవాడు సూర్యుడినే చదివాడు. మనకి బడి ఉంది, పలక ఉంది. ఇంక మనం ఎందుకు వెనకపడాలి?

— 9వ తరగతి విద్యార్థిని